పీహెచ్‌డీ చేతికొచ్చింది, పోస్టు రాలేదు: ఈ మధ్యకాలం ఎక్కడ గడపాలి?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌లో నా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ వైవా (చివరి మౌఖిక పరీక్ష) అయి ఎనిమిది నెలలైంది. "అక్కా, మూడు ఉన్నాయి చేతిలో. ఏది పట్టుకోవాలో నువ్వే చెప్పు" అంది. ఒకటి, హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్, నెలకు అరవై వేలు. రెండు, తను చదివిన యూనివర్సిటీలోనే గంటల లెక్కన పాఠాలు చెప్పడం. మూడు, ఒక ఐఐటీ ల్యాబ్‌లో రెండేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ఇవి కాక వాళ్ల నాన్నగారి మాట ఇంకొకటి ఉంది: అన్నీ పక్కన పెట్టి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకుని లెక్చరర్ పరీక్షకు చదువుకోమని.

సాయంత్రం చెప్తానన్నాను గానీ చెప్పడానికి మూడు రోజులు పట్టింది. నా పీహెచ్‌డీ అయిన కొత్తలో నాకు అందరూ చెప్పిన సలహా ఒక్కటే: "ఏది ముందొస్తే అందులో చేరిపో, తర్వాత చూసుకోవచ్చు." అలాగే చేరాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు ఫస్టియర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ఆ నాలుగేళ్లు ఆ తర్వాత ఏ దరఖాస్తులోనూ ఎందుకూ పనికిరాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకునేసరికి ఇంకో రెండేళ్లు పోయాయి. ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను, తిండికీ గౌరవానికీ లోటు లేదు. అయినా ఆ ఆరేళ్లు గుర్తొస్తే కడుపు రగులుతుంది. అందుకే ఆ అమ్మాయికి చెప్పినదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకుందాం. రెగ్యులర్ పోస్టుకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడ్డాక భర్తీ ఎప్పుడవుతుందో మన చేతిలో లేదు. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులకు 2023 అక్టోబర్‌లో ప్రకటనలు వచ్చాయి. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్లవే 2,001. ఎంతమంది ఉద్యోగాలు మానేసి చదవడం మొదలుపెట్టారో నాకు తెలుసు. ఆ భర్తీ కోర్టు కేసుల్లో చిక్కుకుంది. తెలంగాణలో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022 సెప్టెంబర్‌లో శాసనసభలో నెగ్గింది, గవర్నర్ ఆమోదం దగ్గర ఆగింది. 2025 ఏప్రిల్‌లో జీవో 21 ద్వారా అసిస్టెంట్ ప్రొఫెసర్ల ఎంపికకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, వెంటనే కాంట్రాక్టు అధ్యాపకుల ఆందోళనలూ మొదలయ్యాయి. ఇలాంటి చోట తేదీలను నమ్ముకుని జీవితాన్ని అమర్చుకోలేం. మనం ఎంచుకోగలిగింది ఆ తేదీ వచ్చేదాకా ఎక్కడ ఉంటామన్నదే. అందుకని ప్రతి అవకాశాన్నీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఇక్కడ గడిపిన ఏడాది, నోటిఫికేషన్ పడిన రోజున నా దరఖాస్తులో ఏ గడిని నింపుతుంది?

మూడు గుమ్మాలు, మూడు కొలతలు

ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఏ గుమ్మం దగ్గర దేన్ని కొలుస్తారో తెలియాలి. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మొదటి గుమ్మం పబ్లిక్ సర్వీస్ కమిషన్, గురుకుల బోర్డుల పరీక్షలు. జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులు ఈ దారినే వస్తాయి. కమిషన్ పరీక్షల్లో జనరల్ స్టడీస్‌కు 150 మార్కులు, సబ్జెక్టుకు 300. ఇంటర్వ్యూ లేదు. మీరు పేపర్లు నాలుగు వేసినా నలభై వేసినా ఇక్కడ అరమార్కు కలవదు. ఎమ్మెస్సీ సిలబస్ మీద పట్టు ఎంతన్నదే లెక్క. పీహెచ్‌డీ ఐదేళ్లూ ఒకే అణువు వెంట తిరిగినవాళ్లు ఫిజికల్ కెమిస్ట్రీ ప్రశ్నల దగ్గర తడబడి, మొన్ననే ఎమ్మెస్సీ పూర్తిచేసిన పిల్లల కంటే వెనకబడటం నేను చాలాసార్లు చూశాను.

రెండో గుమ్మం విశ్వవిద్యాలయాలది. ఇక్కడ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లోని పట్టిక 3ఏ ఒకటుంది. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలన్నది ఆ పట్టికే తేలుస్తుంది. దాన్ని ఒకసారి ప్రింటు తీసి గోడకు అంటించుకోండి. మొత్తం 100 మార్కులు. డిగ్రీలో 80 శాతం దాటితే 15, 60 నుంచి 80 లోపు అయితే 13. పీజీలో 80 దాటితే 25, 60 నుంచి 80 లోపుకు 23. పీహెచ్‌డీకి 30. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కూడా వస్తే 7, మామూలు నెట్‌కు 5, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్‌కు 3. పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి 2 చొప్పున గరిష్ఠం 10. బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠం 10. అవార్డులకు 3. ఎంఫిల్, పీహెచ్‌డీ రెండూ ఉన్నా కలిపి 30 దాటవు.

ఫోన్ చేసిన అమ్మాయి లెక్క వేశాం. డిగ్రీ 82 శాతం, 15. ఎమ్మెస్సీ 74 శాతం, 23. పీహెచ్‌డీ 30. సెట్ 3. పేపర్లు నాలుగు, 8. అనుభవం సున్నా. మొత్తం 79. డిగ్రీల మార్కులు ఎప్పుడో రాసిపెట్టేసినవి, ఇక మారవు. ఇంకొక్క పేపర్ వేస్తే పత్రాల గడి నిండిపోతుంది. ఆరోది, ఏడోది ఈ పట్టికలో లెక్కకు రావు. నెట్ రాస్తే రెండు పెరుగుతాయి. ఖాళీగా ఉన్న పెద్ద గడి అనుభవానిదే, పూర్తి పది మార్కులు. ఆ గడిలో బోధన అయినా, పోస్ట్‌డాక్ అయినా సమానమే. ఈ ఒక్క లెక్కతోనే తన మూడు ఆఫర్లను చూసే చూపు మారిపోయింది.

3ఏ పిలుపు వరకే. తుది ఎంపికను ఇంటర్వ్యూ తేలుస్తుందని యూజీసీ నిబంధన. రాష్ట్రాలు దీనికి తమ మార్పులు కలుపుతుంటాయి. ఆంధ్రలో అసిస్టెంట్ ప్రొఫెసర్లకు స్క్రీనింగ్ పరీక్ష పెట్టాలనుకున్నారు. తెలంగాణ జీవో 21లో చదువుకూ పరిశోధనకూ 50, సబ్జెక్టు పట్టుకూ బోధనా నైపుణ్యానికీ 30, ఇంటర్వ్యూకి 20గా విడగొట్టారు. దరఖాస్తు చేసే నాటికి ఉన్న ఉత్తర్వును మీరే చదవాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన సారాంశంతో సరిపెట్టుకోవద్దు.

మూడో గుమ్మం ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఐసర్‌లు (కేంద్రం నడిపే సైన్సు విద్యా పరిశోధన సంస్థలు). కంది దగ్గరి ఐఐటీ, తిరుపతి ఐఐటీ, ఐసర్, వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు మన దగ్గరే ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఏడాది పొడవునా దరఖాస్తు చేసుకోవచ్చు. వీళ్లు చూసేది మీ గైడ్ పేరు పక్కన పెడితే మిగిలే పనేమిటని. మొదటి రచయితగా ఎన్ని పత్రాలున్నాయి, వచ్చే ఐదేళ్లకు మీ సొంత ప్రణాళిక ఏమిటి, సిఫారసు లేఖలు ఎవరు రాశారు అని. అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కి వేతన శ్రేణి లెవెల్ 12, మూలవేతనం 1,01,500తో మొదలవుతుంది. దానికి పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ మూడేళ్లూ మంచి ల్యాబ్‌లో గడిపినవై ఉండాలన్నది నోటిఫికేషన్‌లో రాయరు గానీ, ఎంపికైనవాళ్ల బయోడేటాలు తిరగేస్తే తెలిసిపోతుంది.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలు రెండో గుమ్మంలోకే వస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మనూ (ఉర్దూ విశ్వవిద్యాలయం), అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయం, తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయం ఇందులోనివే. 2023 మే నుంచి సీయూ-చయన్ పోర్టల్‌లో దేశం మొత్తం మీద వీటి ఖాళీలు ఒకేచోట కనిపిస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల బయట దరఖాస్తు చేయడానికి మనవాళ్లు ఎందుకో జంకుతారు. మూలవేతనం ఎక్కడైనా లెవెల్ 10, 57,700. అస్సాంలోనో గుజరాత్‌లోనో చేరి, నాలుగేళ్ల తర్వాత ఇటువైపు వచ్చినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

ప్రైవేట్ యూనివర్సిటీ: అరవై వేలు ఏం కొంటాయి?

నా సొంత గాయం ఉన్నది ఇక్కడే కాబట్టి ఎక్కువసేపు ఆగుతాను.

ప్రైవేట్ విద్యాసంస్థలన్నీ ఒక్క తీరు కాదు. పరిశోధనకు సీడ్ గ్రాంటు (తొలి నిధి) ఇచ్చి, పరికరాలు కొని, వారానికి ఎనిమిది పది గంటల క్లాసులతో సరిపెట్టే డీమ్డ్, ప్రైవేట్ విశ్వవిద్యాలయాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అలాంటిచోట మూడేళ్లు ఉంటే ఐఐటీ దరఖాస్తుకు కూడా బలమే. రెండో రకం, పేరుకు యూనివర్సిటీ అయినా వారానికి పద్దెనిమిది గంటల క్లాసులు, పైన అడ్మిషన్ల సీజన్‌లో ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించే డ్యూటీ. అదీ కాక స్కోపస్ సూచీలో ఉన్న జర్నల్స్‌లో ఏడాదికి ఇన్ని పేపర్లు వేయాలన్న టార్గెట్. ల్యాబ్ ఉండదు, సమయం ఉండదు, టార్గెట్ మాత్రం ఉంటుంది. ఆ ఒత్తిడిలో డబ్బు కట్టి దొంగ జర్నల్స్‌లో పేపర్లు వేయించుకునేవాళ్లను చూశాను. మంచి జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి ఏది మంచి జర్నల్ అన్న భారం ఇప్పుడు పూర్తిగా మన మీదే ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో సబ్జెక్టు నిపుణుడు జర్నల్ పేరు చదవగానే మొహం మార్చాడంటే, ఆ పేపర్ మీకు రెండు మార్కులు తెచ్చినా పోస్టును పోగొడుతుంది.

జీతం సంగతికి వద్దాం. ఇది అందరూ తెలుసుకోవాల్సిన నిబంధన, నాకు ఎవరూ చెప్పనిది. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయాలంటే పీహెచ్‌డీతో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయిలో ఎనిమిదేళ్ల అనుభవం, ఏడు పత్రాలు, పరిశోధన స్కోరు 75 కావాలి. ఆ ఎనిమిదేళ్లలో కాంట్రాక్టు, తాత్కాలిక సర్వీసు కూడా కలుపుతారు, కానీ షరతులున్నాయి. మీకు ఆ పోస్టుకు కావలసిన అర్హతలన్నీ ఉండాలి. సరైన ఎంపిక కమిటీ ద్వారా నియమితులై ఉండాలి. మీరు తీసుకున్న మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతం కంటే తక్కువ ఉండకూడదు. 57,700కి డీఏ, ఇంటి అద్దె భత్యం కలిపి చూడండి, అరవై వేలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. ఇరవై నాలుగు వేలకు పనిచేసిన నా నాలుగేళ్లు ఎందుకు లెక్కకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది. పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను, పిల్లలు పాసయ్యారు. కాగితం మీద మాత్రం ఆ కాలం లేదు.

ఇంజినీరింగ్ సబ్జెక్టులవాళ్లకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధనలు వర్తిస్తాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ అక్కర్లేదు, బీటెక్, ఎంటెక్‌లలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాసు ఉంటే చాలు. అనుబంధ కాలేజీల్లో చేరేవాళ్లు జేఎన్‌టీయూ రాటిఫికేషన్ (నియామకానికి యూనివర్సిటీ ఆమోదం) గురించి తప్పక అడగాలి. రాటిఫికేషన్ కాని సర్వీసుకు బయట విలువ తక్కువ. ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్‌వాళ్లకు ఈ ప్రైవేట్ బజారు మిగతావాళ్లంత ఇరుకుగా లేదు. సీట్లన్నీ ఆ బ్రాంచిలోనే పెరుగుతున్నాయి, పీహెచ్‌డీ ఉన్నవాళ్లు తక్కువ. మీరు బేరం ఆడగల స్థితిలో ఉన్నారు, ఆడండి. సివిల్, మెకానికల్, బేసిక్ సైన్సులవాళ్ల పరిస్థితి అలా లేదు.

చేరేముందు అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. వారానికి ఎన్ని గంటలు? వేసవిలో పూర్తి జీతమేనా? పీఎఫ్ కడతారా? జీతం బ్యాంకులోనే వేస్తారా, ఫారం-16 ఇస్తారా? (జీతానికి రుజువు రేపు ఇవే.) నియామక ఉత్తర్వులో హోదా, జీతం, ఎంపిక కమిటీ ప్రస్తావన ఉంటాయా? ఆడపిల్లలైతే ప్రసూతి సెలవు గురించి ముందే అడగండి. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో ఇవ్వాలి, ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు డిపాజిట్ చేయమంటే మాత్రం అక్కడ చేరకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. నావి ఒక ఏడాది పాటు ఒకరి బీరువాలో ఉన్నాయి. ఆ ఏడాదిలో ఒక సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు వెళ్లలేకపోయాను.

గెస్టు, కాంట్రాక్టు: ఆశ ఎంత, లెక్క ఎంత?

చదువుకున్న చోటే పాఠం చెప్పడంలో ఒక తృప్తి ఉంటుంది. గైడ్ దగ్గరే ఉంటారు, ల్యాబ్ తాళం దొరుకుతుంది, ఇల్లు మారనక్కర్లేదు. ఆ అమ్మాయి మనసు దీని మీదే ఎక్కువగా ఉంది.

డబ్బు విషయానికొస్తే, గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500, నెలకు గరిష్ఠం 50,000 అని యూజీసీ 2019లో చెప్పింది. రాష్ట్రాల్లో ఇచ్చేది దానికి చాలా దూరం. తెలంగాణ జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్‌కు ఈ మధ్య దాకా గంటకు 390 చొప్పున నెలకు 72 గంటలు, అంటే 28,080. సెలవుల్లో అదీ ఉండదు.

అయినా ఏళ్ల తరబడి ఉంటారు. ఎప్పటికైనా రెగ్యులర్ చేస్తారన్న ఆశే కారణం. ఆ ఆశ ఉత్తది కాదు: తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించారు, వాళ్లలో ఎక్కువమంది జూనియర్ లెక్చరర్లే. పదిహేను ఇరవయ్యేళ్లు కాసుకుని కూర్చున్నవాళ్ల ఇళ్లలో ఆ రోజు పండగ. కానీ దానికి ఆధారమైన నిబంధనను హైకోర్టు 2024 నవంబర్‌లో కొట్టేసింది. అప్పటికే రెగ్యులర్ అయినవాళ్లను కదిలించలేదు, ముందుకు మాత్రం తలుపు వేసింది. ఆంధ్రలో 2023లో తెచ్చిన చట్టం 2014 జూన్ 2 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు. వీటన్నిటి వెనకా ఉమాదేవి కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది: బహిరంగ పోటీ లేకుండా వచ్చిన తాత్కాలిక నియామకం శాశ్వత హక్కు కాబోదని. ఈరోజు గెస్టుగా చేరే ముప్పై ఏళ్ల మనిషి క్రమబద్ధీకరణను లెక్కలోకి తీసుకోకూడదు. పాతికేళ్లు పనిచేసినవాళ్ల పోరాటం న్యాయమైనదే, నేను వాళ్ల పక్షమే. కొత్తగా వచ్చేవాళ్లకు ఆ దారిని చూపించడం మాత్రం మోసమవుతుంది.

మరి ఎవరికి పనికొస్తుంది? థీసిస్ ఇచ్చి వైవా కోసం ఎదురుచూసే ఆరు నెలలకు పనికొస్తుంది. పరీక్షకు చదువుతూ వారానికి రెండు రోజులు క్లాసు చెబితే సబ్జెక్టు నోట్లో నానుతుందనుకునేవాళ్లకు పనికొస్తుంది. సెమిస్టర్ అయిపోగానే ప్రిన్సిపల్ సంతకంతో, తేదీలతో, గంటలతో సర్వీస్ సర్టిఫికెట్ తీసుకోండి. మూడేళ్ల తర్వాత వెళితే ఆ ప్రిన్సిపల్ రిటైరై ఉంటారు, హాజరు పట్టీ దొరకదు.

పరీక్షకు కూర్చోవడం

నాన్నగారి సలహాను తేలిగ్గా తీసేయను. హ్యుమానిటీస్‌వాళ్లకు, తెలుగు, చరిత్ర, రాజనీతి, ఎకనమిక్స్ చదివినవాళ్లకు, నన్నడిగితే ఇదే మొదటి దారి. వాళ్లకు పోస్ట్‌డాక్‌లు చాలా తక్కువ, ప్రైవేట్ యూనివర్సిటీల్లో తెలుగు శాఖలు అంతకంటే తక్కువ. సంఖ్యలు చూడండి: తెలంగాణలో 2022 చివర్లో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు, 2023లో గురుకులాల్లో జూనియర్ కాలేజీలకు 2,008, డిగ్రీ కాలేజీలకు 868 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. యూనివర్సిటీల్లో ఆ మోతాదులో భర్తీ జరిగి చాలా ఏళ్లయింది.

జీతంలో పెద్ద తేడా ఉంటుందన్నది కూడా భ్రమే. తెలంగాణలో జూనియర్ లెక్చరర్ మూలవేతనం 54,220తో మొదలైంది, యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది 57,700. మూలవేతనంలో మొదట్లో తేడా మూడున్నర వేలు; ముందుకు పోయేకొద్దీ పదోన్నతుల్లో పెరుగుతుంది. పరిశోధన తగ్గిపోతుందన్నది నిజమైన నష్టం. మా డిగ్రీ కాలేజీలో ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటకు లాగే ఏర్పాటు) లేదు. నా పని ఇప్పుడు పిల్లల ప్రాజెక్టులకే పరిమితమైంది, అది నాకు బాధే. గురుకులమైతే రాత్రి డ్యూటీలు, హాస్టల్ బాధ్యతలు కూడా ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

అర్హతల్లో ఒక మెలిక. కమిషన్ భర్తీ చేసే జూనియర్ లెక్చరర్‌కు పీజీ చాలు. డిగ్రీ లెక్చరర్‌కు నెట్, సెట్, పీహెచ్‌డీలలో ఏదో ఒకటి ఉండాలి. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామన్న నిబంధనను వాయిదాలు వేసి వేసి 2023 జులై 1 నుంచి ఐచ్ఛికం చేశారు. నెట్, సెట్ ఉంటే దరఖాస్తు చేయొచ్చు. అంటే పోటీలోకి ఇంకా ఎక్కువమంది వచ్చారు. సెట్ ఆ రాష్ట్రానికే చెల్లుతుంది, ఆంధ్రా యూనివర్సిటీ పెట్టేది ఆంధ్రకు, ఉస్మానియా పెట్టేది తెలంగాణకు. నెట్ దేశమంతా చెల్లుతుంది, లెక్చరర్‌షిప్ అర్హతకు వయోపరిమితి కూడా లేదు. పీహెచ్‌డీ ఉంది కదా అని నెట్ వదిలేయకండి.

స్థానికత కూడా చూసుకోండి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత 95 శాతం పోస్టులు స్థానికులవి, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నదే ఆధారం. ఆ తరగతుల బోనఫైడ్‌లు ఇప్పుడే తెచ్చుకోండి, చాలా చిన్న స్కూళ్లు మూతపడుతున్నాయి. అలాగే మీ సబ్జెక్టులో రోస్టర్ (ఖాళీలను రిజర్వేషన్ వర్గాలకు పంచే వరుస) ప్రకారం ఏ పాయింటుకు ఏ కేటగిరీ వస్తోందో నోటిఫికేషన్‌లో చూడకుండా ఏళ్లు పెట్టుబడి పెట్టొద్దు. ఒక శాఖలో రెండే ఖాళీలుండి రెండూ మీకు వర్తించకపోవచ్చు.

పోస్ట్‌డాక్, ఇక్కడా బయటా

సైన్సువాళ్లకు, ముప్పై నాలుగు ముప్పై ఐదు లోపు ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. కారణం ముందే చెప్పాను. రెండో గుమ్మంలో పోస్ట్‌డాక్ ఏడాదికి రెండు మార్కులు తెస్తుంది, మూడో గుమ్మంలో దాదాపు తప్పనిసరి. ఒకే ఏడాది రెండు చోట్లా ఖాయంగా లెక్కకొచ్చేది ఇదే. పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌లోనే పోస్ట్‌డాక్ చేయకండి, గైడ్ ఎంత ఆప్యాయంగా పిలిచినా. సొంత కాళ్ల మీద నిలబడ్డారా అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

లోటు కూడా చెప్పాలి. రెండేళ్లకు ముగిసిపోతుంది, పీఎఫ్ లేదు, పెళ్లి సంబంధాలవాళ్లకు "పోస్ట్‌డాక్" అంటే ఏమిటో వివరించాల్సిన అవస్థ. ఇంటికి మీ సంపాదనే ఆధారమైతే ఈ అనిశ్చితి భరించడం కష్టం. అప్పుడు మంచి ప్రైవేట్ యూనివర్సిటీలో చేరడం తప్పు కాదు.

ఇక్కడి నుంచి ముందుకు సాగడానికి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఉంది: ఐదేళ్లు, నెలకు 1,25,000, ఏటా పరిశోధనకు 7 లక్షలు. వయోపరిమితి జనరల్‌కు 32, కాబట్టి వైవా అయిన ఏడాదే ఆలోచించాలి. విదేశాల్లో పనిచేస్తున్నవాళ్లు తిరిగి రావడానికి రామానుజన్ ఫెలోషిప్ ఉంది, నలభై లోపు, నెలకు 1,35,000.

బయటకు వెళ్లే దారి ఇప్పుడు ఇరుకైంది. అమెరికా 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది, విశ్వవిద్యాలయాలకూ అది భారమే. పరిశోధన నిధుల కోతలతో అక్కడి ల్యాబ్‌లు కూడా తగ్గించుకుంటున్నాయి. జె-1 (పరిశోధకులు, విద్యార్థుల మార్పిడి వీసా) మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఒక చిక్కు సడలింది: 2024 డిసెంబర్‌లో స్కిల్స్ జాబితా నుంచి భారత్‌ను తీసేయడంతో చాలామందికి రెండేళ్లు తప్పనిసరిగా స్వదేశంలో ఉండాలన్న నిబంధన వర్తించదు. జర్మనీ, కొరియా, జపాన్, తైవాన్ వైపు కూడా చూడండి. కెమిస్ట్రీ, మెటీరియల్స్‌వాళ్లకు అక్కడి ల్యాబ్‌లు ఏమాత్రం తీసిపోవు.

ఏ దారిలో ఉన్నా ఒక ఫైలు

పదో తరగతి మెమో నుంచి పీహెచ్‌డీ ఒరిజినల్ దాకా స్కాన్ చేసి పెట్టుకోండి. పీహెచ్‌డీ యూజీసీ 2009, 2016 లేదా 2022 నిబంధనల ప్రకారం జరిగిందని యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. దరఖాస్తు గడువు వారం ఉందనగా రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను చాలామందిని చూశాను. పీహెచ్‌డీ చేసిన కాలాన్ని అనుభవంగా రాయకండి. సెలవు పెట్టకుండా ఉద్యోగం చేస్తూ చేసినదైతేనే అది లెక్కకు వస్తుంది. ఆ ఒక్క తప్పుతో దరఖాస్తు తిరస్కరించిన సందర్భాలున్నాయి.

ఆ అమ్మాయి మూడో రోజు రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. ప్రైవేట్ యూనివర్సిటీవాళ్లను వారానికి ఎన్ని గంటలని అడిగితే "చేరాక చెప్తాం" అన్నారట. నాన్నగారితో ఒక ఒప్పందానికి వచ్చింది: రెండేళ్లు ఐఐటీ ల్యాబ్, ఈలోగా నెట్, ఏ లెక్చరర్ నోటిఫికేషన్ పడినా దరఖాస్తు మానకూడదు. ల్యాబ్ ప్రొఫెసర్‌ను చేరకముందే అడిగింది, వారానికి ఒక ట్యుటోరియల్ క్లాసు ఇప్పించి దానికి సర్టిఫికెట్ ఇస్తారా అని. ఇస్తానన్నారు. నిన్న సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కింది. పెట్టె సర్దేటప్పుడు ఎమ్మెస్సీ ఫిజికల్ కెమిస్ట్రీ నోట్సు పైనే పెట్టుకున్నానని మెసేజ్ చేసింది.